మారక్క చలికాలం

జాకెట్టు మీద చేతుల బనీను, బనీను మీద ఖాకీ చొక్కా వేసుకుని, గుండీలు మెడదాకా పెట్టుకుంది మారక్క. పొయ్యిలో మిగిలిన నిప్పుల వెలుతురుకు వంగి, పాత పేపరు ఒకటి తీసి నాలుగు మడతలు వేసింది. దాన్ని రొమ్ముమీద అడ్డంగా పరుచుకుని, జారిపోకుండా మోచేత్తో అదిమిపట్టి, పైనుంచి స్వెట్టరు తొడుక్కుంది. ఊపిరి పీల్చినప్పుడల్లా లోపల పేపరు గరగరమంది. ఆ చప్పుడు వినిపిస్తేనే ఆమె మనసుకు పనికి తయారైనట్టు ఉంటుంది.

ఖాకీ చొక్కా మొగుడు దాసప్పది. చివరి పదేళ్లు అతను హిందూపురంలో ఒక గోదాము దగ్గర కాపలా ఉన్నాడు. పోయి ఆరేళ్లయింది. జేబు మీద ఎర్రదారంతో కుట్టిన పేరులో ఇప్పుడు 'దాస' వరకే మిగిలింది. ఊదారంగు స్వెట్టరు మనవరాలు హారికది. హైస్కూలు దాటాక పొట్టిదైపోయిందని ఆ పిల్ల వదిలేస్తే, మోచేతుల దగ్గర అతుకులేసి మారక్క తనకు పట్టేలా చేసుకుంది. ఆమెది ముందే చిన్న ఒళ్లు. అరవై రెండేళ్లు వచ్చేసరికి ఇంకా కుదించుకుపోయింది. పాతికేళ్లు ఆకుమోపులు మోసి మోసి ఎడమ భుజం కుడిదాని కంటే రెండు వేళ్లు కిందికి దిగింది.

పుష్యమాసం. పరిగి పక్కనున్న ఆ పల్లెలో తెల్లవారుజామున నీళ్లడ్రమ్ములో చెయ్యి పెడితే వేళ్లు కాసేపు మనవి కావు. మారక్క చీర కుచ్చెళ్లు పైకి దోపుకుని, యూరియా సంచిని నడుముకు ముందువైపు కట్టుకుంది. మంచుకు తడిసిన ఆకు చీరకు తగలకుండా అదే అడ్డు. కాళ్లకు మేజోళ్లు తొడిగి, బొటనవేలికీ పక్కవేలికీ మధ్య గుడ్డను లోపలికి నొక్కి హవాయి చెప్పుల్లో దూర్చింది. తువ్వాలును చెవుల మీదుగా తెచ్చి గడ్డం కింద ముడి వేసింది. గోనెసంచిని ఒక మూల లోపలికి మడిచి తలమీద వేసుకుంటే వీపంతా కప్పేసింది.

ఇంతా చేసుకున్నాక గ్లాసుడు కాఫీని రెండు చేతుల మధ్య పట్టుకుని పొయ్యి ముందు కూర్చుంది. తాగడానికి తొందరపడలేదు. ముందు గ్లాసు వేడి అరచేతుల్లోకి ఎక్కాలి. అరచేతులు కాగాక, ఈ పొద్దు కూడా మోకాళ్లు వంగినందుకు లోపలే ఎవరికో దండం పెట్టుకుని కాఫీ తాగింది. కొడవలి, తాడు, ఒక గుడ్డసంచి తీసుకుని బయలుదేరింది. గుడ్డసంచిలో ఎప్పుడూ ఇంకొక మనిషికి సరిపడా బట్టలుంటాయి. ఎవరో ఒకరు తేకుండా వస్తారని ఆమెకు తెలుసు.

ఆమె ఆకుకోతకు పోయే నాగరాజు వాళ్ల ఇల్లూ, పట్టుపురుగుల షెడ్డూ ఊరి బయట, మల్బరీ తోట పక్కనే ఉన్నాయి. దారి కనబడలేదు. మంచులో ముందు గేటు కనిపించింది, తర్వాత షెడ్డు గోడ, ఆ తర్వాత గోడ దగ్గర చేతులు చంకల్లో దాచుకుని నిలబడ్డ నాగరాజు భార్య దీపిక. ఆ ఇంటికి కోడలై వచ్చి ఎనిమిది నెలలు. ధర్మవరం పిల్ల. నేతపనివాళ్ల ఇంట పుట్టింది, డిగ్రీ చదివింది. పట్టును మగ్గం మీద చూసిందే గానీ, పట్టుపురుగును ఈ ఇంటికి వచ్చాకే చూసింది. మొదటి నెలలో షెడ్డులోకి అడుగు పెట్టాలంటే కొంగు నోటికి అడ్డం పెట్టుకునేది. కోతకు ఇంతవరకూ ఎప్పుడూ రాలేదు.

ఈ రోజు రాక తప్పలేదు. మామ నల్లప్పకు హిందూపురంలో ఆపరేషను అయింది. నాగరాజు అక్కడే తండ్రి మంచం దగ్గర ఉన్నాడు. కోతకొచ్చే మిగతా ఇద్దరు ఆడవాళ్లు దగ్గరి చుట్టాల పెళ్లికి వెళ్లారు. షెడ్డులో పురుగులు మాత్రం నాలుగో జ్వరం నుంచి లేచి ఐదురోజులైంది. పొర విడిచే ముందు పురుగులు తినడం మానేసి పడుకోవడాన్ని అక్కడివాళ్లు జ్వరం అంటారు. నాలుగోసారి లేచాక వాటి ఆకలికి అంతుండదు. ఇంకో మూడురోజులు కడుపునిండా తింటే గూడు కడతాయి. ఒక్క పూట ఆకు తప్పినా గూడు పలచబడుతుంది, నెలరోజుల చాకిరీ నీళ్లపాలవుతుంది.

మారక్క ముందు షెడ్డు తలుపు తీసి, లోపలి వేడి చూసింది. కిటికీలకు కట్టిన గోనెపట్టాలు సరిచేసింది. బొగ్గుల కుంపటిలో పొగ లేదని చూసుకుని ఇంకొన్ని బొగ్గులు వేసింది. అరల మీద వేలెడు పొడవు తెల్లటి పురుగులు రాత్రి వేసిన ఆకులో ఈనెలు మాత్రం మిగిల్చి తలలెత్తి చూస్తున్నాయి. అప్పుడు దీపిక వైపు తిరిగింది.

"ఇట్లనే వస్తాండావా పాపా కోతకు?"

"జాకెట్ వేసుకున్యా గదా మారక్కా."

మారక్క ఆ జాకెట్ చేతిని రెండు వేళ్లతో పట్టి చూసింది. పలచటి నైలాను. దీపిక మెడ వెనక చెయ్యి పెట్టింది. జుట్టు చల్లగా తగిలింది.

"తలకు పోసుకున్యావా?"

"నిన్న సాయంత్రం. ఆరలేదు."

"తడి మీద ఎన్ని వేసుకున్యా చలే పాపా. ముందు పొడి కావల్ల. రా ఈడికి."

కుంపటి పక్కన కూర్చోబెట్టి, తువ్వాలుతో జుట్టు పాయలు పాయలుగా తుడిచింది. వెనకనుంచి మెడ కింద తడిసిన రవిక చూసి, ఇంట్లోకి వెళ్లి అది మార్చుకుని రమ్మంది. తిరిగొచ్చాక గుడ్డసంచిలోంచి ఒక్కొక్కటి తీసింది. మెత్తగా అరిగిన దాసప్ప బనీను ఇంకొకటి. దానిమీద గళ్లచొక్కా. పేపరు మడిచి రొమ్ముకు అడ్డం పెట్టి, దానిమీద ఆ నైలాను జాకెట్టే వేసి జిప్పు పైకి లాగింది. తలకు గుడ్డ కట్టి, చెవుల మీద అరచేతులతో నొక్కి చూసింది, చిన్నపిల్లకు చూసినట్టు. సంచిలోంచి మేజోళ్లు కూడా వచ్చాయి.

దీపిక తనను తాను కిందికి చూసుకుంది. బట్టల్లో పొయ్యిపొగ వాసన, ఎండిన ఆకు వాసన.

"ఎవరన్నా చూస్తే ఏమనుకుంటారు మారక్కా."

"ఈ మంచులో ఎవురికి ఎవురు కనపడతారు. కనపడినా మారక్క వస్తాండాది అనుకుంటారులే."

దీపికకు నవ్వొచ్చింది. నవ్వితే లోపల పేపరు గరగరమంది.

తోటలో సాళ్ల మధ్య నిలబడితే ముందు రెండు చెట్లు, వెనక రెండు చెట్లు తప్ప ఏమీ లేదు. మారక్క నడుము వంచి, ఎడమచేత్తో నాలుగైదు కొమ్మలు కలిపి పట్టుకుని, మొదట్లో కొడవలి ఆనించి ఒక్క గుంజు గుంజింది. కొమ్మల్ని రెండుసార్లు గట్టిగా విదిలించింది. మంచునీళ్లు జల్లున రాలాయి. తడి ఆకు తింటే పురుగులకు రోగమొస్తుందని దీపికకు చెప్పి, కోసిన కొమ్మల్ని ఒకదానిమీద ఒకటి వెయ్యకుండా షెడ్డు పక్క గట్టుమీద విడివిడిగా పరచమంది. దీపిక మొదటి పది కొమ్మల్లో ఒక్కోదానికి నాలుగైదు గుంజులు గుంజింది. తర్వాత కొడవలి ఎక్కడ ఆనించాలో చేతికి తెలిసింది. విదిలించడానికి చెయ్యెత్తినప్పుడల్లా నీళ్లు మణికట్టు నుంచి జాకెట్ చేతుల్లోకి జారి మోచేతి దాకా పోతున్నాయి. ఒళ్లంతా వెచ్చగా ఉంది. చేతులు మాత్రం మొద్దుబారిపోయాయి. చెప్పలేదు. పక్క సాళ్లో ఆ చిన్న గోనెసంచి ముసుగు ఆగకుండా ముందుకు పోతుంటే దానికి వెనకబడకూడదనుకుంది.

ఏడు దాటాక తూర్పున మంచు పసుపురంగుకు తిరిగింది. పరిగి రోడ్డు మీద లారీ హారను వినిపించింది, లారీ కనిపించలేదు. నాలుగో మోపు భుజాన వేసుకొచ్చి షెడ్డు దగ్గర దించినప్పుడు మారక్క ఎడమ భుజం నుంచి మోచేతి దాకా లోపల ఎవరో తాడు లాగినట్టయింది. గోడ పట్టుకుని కాసేపు నిలబడింది. పాతికేళ్ల మోపులు గుర్తొచ్చాయి, నొప్పి రాకపోతేనే వింత అనుకుంది. తర్వాత నీళ్లు తాగి మళ్లీ తోటలోకి వెళ్లింది.

ఎనిమిదింటికి ఎండ వచ్చింది. ఇద్దరూ గట్టున కూర్చున్నారు. దీపిక ఫ్లాస్కులో కాఫీ, డబ్బాలో బొరుగుల ఉగ్గాని తెచ్చింది. మారక్క గోనెసంచి తీసి కంచెమీద ఆరేసింది, తర్వాత తువ్వాలు. అప్పుడే ఆమె కొంగులో కట్టుకున్న ఫోను మోగింది. పెనుకొండ నుంచి కూతురు ఉలిగమ్మ. అక్కడి బడిలో పిల్లలకు వంట చేస్తుంది. రోజూ వంట మొదలుపెట్టే ముందు ఫోను చేస్తుంది.

"చెవులు కప్పుకున్యావా మా?"

"కప్పుకున్యా. నువ్వు?"

"పొయ్యికాడ ఉండా, నాకేం చలి. సరే, పెట్టేస్తాండా."

ఫోను మళ్లీ కొంగులోకి వెళ్లింది.

"దినామూ ఇదేనా మీ మాటలు?" అంది దీపిక.

"ఇంగేముండాది మాట్లాడేకి," అని మారక్క ఉగ్గాని ముద్ద నోట్లో పెట్టుకుంది. మెల్లగా నమిలింది. దీపిక ఆమె స్వెట్టరు మెడలోంచి బయటికి వచ్చిన పేపరు కొసనే చూస్తూ, ఇట్లా కట్టుకోవడం ఎవరు నేర్పించారని అడిగింది. పాతికేళ్లలో ఆ మాట అడిగినవాళ్లు లేరు. అందరూ కట్టించుకున్నారు, వెచ్చగా ఉందన్నారు, అంతే.

మారక్క చెప్పింది. ఆమె పుట్టింది తనకల్లు పక్క మెట్ట ఊళ్లో. దాసప్పను చేసుకున్నాక గొర్రెల వెంబడి తిరగడమే కాపురం. ఉలిగమ్మ పుట్టిన ఏడాది వానల్లేవు. నంబులపూలకుంట వైపు మేత లేక, మందను తోలుకుంటూ పెనుకొండ చేలదాకా వచ్చారు. బిడ్డకు నాలుగో నెల. ఇట్లాంటి పుష్యమాసమే. మంద పక్కన చేలోనే పడుకునేవారు. ఒక రాత్రి బిడ్డకు జలుబు చేసి దగ్గింది. మారక్కకు ఇరవై రెండేళ్లు, చెప్పేవాళ్లు లేరు. ఉన్న గొంగడి తీసి బిడ్డకు మూడు చుట్లు చుట్టింది. అది ఊలుదే, కానీ రాత్రంతా మంచు తాగి బరువెక్కి ఉంది. తెల్లవారేసరికి బిడ్డ ఏడవడం మానేసింది. దాసప్పను మంద దగ్గర వదిలి, బిడ్డను ఎత్తుకుని పెనుకొండ ఆస్పత్రికి పరిగెత్తింది.

బజారులో ఒక కిరాణా అంగడి ముందు ఒకామె కళ్లాపి చల్లుతోంది. అంగడి పాండురంగయ్యది, ఆమె అతని భార్య విమలమ్మ. ఆ పేర్లు మారక్కకు తర్వాత తెలిశాయి. ఆమె చెంబు పక్కన పెట్టి వచ్చి గొంగడి ముట్టుకుంది.

"ఇది తడిసిపోయింది కదమ్మా," అంది. ఇంకేమీ అడగలేదు. బిడ్డను లాక్కున్నట్టుగా తీసుకుని లోపల వంటింట్లోకి నడిచింది. గొంగడి తీసి బయట పారేసి, బిడ్డను ఒళ్లంతా తుడిచి, మొగుడి పాతపంచె చించి చుట్టింది. అంగట్లో పొట్లాలు కట్టే పేపర్లు ఉంటే రెండు తెచ్చి ఆ పంచె మీద చుట్టింది. తర్వాత తను వేసుకున్న పచ్చ స్వెట్టరు విప్పి పేపరు మీద చుట్టింది. మారక్క చీర కూడా తడిదని చూసి, తన చీర ఒకటి ఇచ్చి మార్చుకోమంది. "ఇప్పుడు నీ రొమ్ముకు ఆనించుకో," అంది.

పొయ్యి ముందు అట్లా ఎంతసేపు కూర్చుందో మారక్కకు తెలియదు. బిడ్డ మొదట మూలిగింది, తర్వాత గుక్కపెట్టి ఏడ్చింది. ఆ ఏడుపు వినగానే పాండురంగయ్య సైకిలు తీశాడు. తల్లినీ బిడ్డనూ వెనక కూర్చోబెట్టుకుని ఆస్పత్రికి తొక్కాడు. మూడోరోజుకు బిడ్డ పాలు తాగింది.

"ఇప్పుడు ఫోను చేసింది అదే," అంది మారక్క.

దీపిక చేతిలో కాఫీ చల్లారిపోయింది. "మళ్లీ ఆమెను చూసినావా?"

"పదైదేండ్లకు పోయినా. ఉలిగికి లంగావోణి కట్టి తీసుకుపోయినా చూపిద్దామని. అంతా చెప్పినా. ఆమెకు గుర్తు లేదు పాపా. నేనా, ఎప్పుడు అంటాండాది. శానాసేపు ఆలోచించి, 'పచ్చ స్వెట్టరు యాడ పారేసినావని మా అత్త తిట్టింది మాత్రం గుర్తుండాది' అనె. ఇద్దరమూ పడీపడీ నవ్వినాము. కాఫీ ఇచ్చి పంపించింది."

"నీకు బాధ కాలేదా, గుర్తు లేదంటే?"

మారక్క డబ్బా మూత పెట్టింది. "ఎందుకు బాధ? ఆమెకది గుర్తు పెట్టుకునేంత పని కాదు. నేను గుర్తు పెట్టుకుండా, సాలు. ఆ పొద్దు ఆమె కళ్లాపి చల్లేకి పది నిమిషాలు ఆలస్యంగా లేచింటే నేను ఆ అంగడి దాటి పోయేదాన్ని. దినామూ ఈ బట్టలు వేసుకునేటప్పుడు అదే అనుకుంటా," అంది.

మోకాళ్ల మీద చేతులు పెట్టి లేచి, కొడవలి తీసుకుంది.

పదకొండుకల్లా కోత ముగిసింది. ఆరిన కొమ్మల్ని షెడ్డులోకి చేరేసి, ఇద్దరూ చెరొక వరుసా పట్టుకుని అరల మీద పరుస్తూ పోయారు. ఆకు మీద పడిన కొద్ది క్షణాలకే పురుగులు కదిలాయి. కాసేపటికి షెడ్డంతా ఒకటే చప్పుడు, దూరంగా ఎవరో చేటతో శనగలు చెరుగుతున్నట్టు. ఒక పురుగు కొమ్మతోపాటు దీపిక మణికట్టు మీదికి వచ్చింది. ఆమె అరవలేదు. రెండు వేళ్లతో తీసి ఆకు మీద పెట్టింది. అది చల్లగా, మెత్తగా ఉంది. మారక్క అది చూసి తర్వాతి అరకు జరిగింది.

మధ్యాహ్నం దీపికే వడ్డించింది. రాగిముద్ద, పితికిన పప్పు పులుసు. ఆమె చేతులు చాపి వడ్డిస్తుంటే మోచేతుల కింద ఎర్రటి గీతలు మారక్క కంటబడ్డాయి. తడిసిన కొమ్మలు గీరిన గీతలు. చలికి చర్మం పగిలి వాటి చుట్టూ ఉబ్బింది.

"పొద్దున్నే చెప్పింటే కాదా," అంది. ముద్ద మింగి, "ఇంట్లో పాత స్వెట్టరు ఏమన్నా ఉండాదేమో చూడు. చేతులు బాగుంటే సాలు," అంది.

దీపిక ట్రంకుపెట్టె వెతికి నాగరాజు కాలేజీ రోజుల నల్ల స్వెట్టరు తెచ్చింది. పొట్ట దగ్గర ఎలుకలు కొట్టేశాయి. మారక్క దాన్ని వెలుతురుకు పట్టి చూసి, కత్తెరతో రెండు చేతుల్నీ భుజాల దగ్గర కత్తిరించింది. పై అంచు మడిచి, లోపల ఎలాస్టిక్కు దూర్చి కుడితే, అవి మణికట్టు నుంచి భుజం దాకా తొడుక్కునే తొడుగులవుతాయి. నీళ్లు లోపలికి జారవు. కొమ్మలు గీరవు.

"నేను చూస్తాండా, నువ్వు కుట్టు," అని దీపిక పక్కన కూర్చోబోయింది.

"నువ్వు పోయి గంటసేపు పండుకో. నాలుగుకు మళ్లీ కోయల్ల. ఈసారి బట్టలు నువ్వే వేసుకుని రావల్ల. వరస తప్పితే విప్పించి మళ్లీ వేయిస్తా."

మారక్క షెడ్డు దక్షిణపు గోడకు గోనెపట్టా వేసుకుని కూర్చుంది. స్వెట్టరు ఎప్పుడో విప్పేసింది. ఖాకీ చొక్కా మీద ఎండ నేరుగా పడుతోంది. గోడ కూడా కాగి వీపుకు వెచ్చగా తగులుతోంది. చలికాలపు ఎండను ఆమె ఎప్పుడూ కొంచెం కూడా వృథా చెయ్యదు. గోడ అవతల పురుగులు తింటున్న చప్పుడు వినబడుతోంది. ఇద్దరే కోసినా ఒక్క అర కూడా ఖాళీగా లేదు. ఆ పిల్ల ఈ పొద్దు కొడవలి పట్టడం నేర్చుకుంది. కూతురు ఈ సరికి పిల్లలకు వడ్డించి గిన్నెలు కడిగిస్తూ ఉంటుంది. మనవరాలు కాలేజీ నుంచి బస్సెక్కుతుంది. ఎవరికీ ఏ కొరతా లేని పొద్దు అనిపించింది మారక్కకు. ఇట్లాంటి పొద్దులు ఎన్ని వచ్చాయో వెనక్కి తిరిగి చూసుకుంటే, అనుకున్నదానికంటే చాలా ఎక్కువే ఉన్నాయి.

మొదటి తొడుగు పూర్తయింది. తన చేతికే తొడిగి చూసుకుంది. ఎలాస్టిక్కు మరీ బిగువు లేదు, వదులూ లేదు. తీసి మడిచి పక్కన పెట్టి రెండోది అందుకుంది. నాలుగు కుట్లు వేసింది. మళ్లీ భుజంలో పొద్దుటి తాడు లాగినట్టయింది, ఈసారి మెల్లగా. సూదిని గుడ్డలో గుచ్చి, కాస్త ఆగుదామని తల గోడకు ఆనించింది. ఎండ రెప్పల మీద ఎర్రగా పడింది. బాగుంది అనుకుంది.

నాలుగింటికి దీపిక లేచింది. తలుపు వేసుకుని తనే వరసగా వేసుకుంది. ముందు పొడి బనీను, దానిమీద చొక్కా, పేపరు, జాకెట్టు. చెవుల మీదుగా గుడ్డ తెచ్చి గడ్డం కింద ముడి వేసింది. ముడి పక్కకు పోతే విప్పి మళ్లీ వేసింది. అద్దంలో చూసుకోలేదు. గరగరమంటూ నడిచి షెడ్డు వెనక్కి వచ్చి, మారక్క ముందు చేతులు చాపి నిలబడింది.

"చూడు మారక్కా. వరస సరిగ్గా ఉండాదా?"

మారక్క తల గోడకు ఆనించే ఉంది. కళ్లు మూసుకుని ఉన్నాయి. ఒళ్లో నల్లగుడ్డ మీద రెండు చేతులూ వదులుగా పడి ఉన్నాయి. దీపిక ఇంకోసారి పిలిచింది. తర్వాత మోకాళ్ల మీద కూర్చుని ఆమె చెంప ముట్టుకుని, "అవ్వా," అంది. ఎనిమిది నెలల్లో అట్లా పిలవడం అదే మొదలు.

ఊరివాళ్లు వచ్చారు. ఆరోగ్య కేంద్రం నుంచి నర్సు వచ్చి చూసి, ప్రాణం పోయి గంట అయి ఉంటుందని చెప్పింది. నాగరాజు హిందూపురం నుంచి బండిమీద వచ్చాడు. మారక్కను ఆమె ఇంటికి చేర్చారు. దీపిక అక్కడే వాకిట్లో నిలబడి ఉండగా, షెడ్డులో ఆకు అయిపోయి ఉంటుందని గుర్తొచ్చింది. కొడవలి తీసుకుని తోటవైపు నడిచింది. రెండో సాలు మొదలుపెట్టేసరికి పక్క సాళ్లో కొమ్మలు కదిలాయి. పెళ్లికి వెళ్లిన ఇద్దరు ఆడవాళ్లు. కబురు తెలిసి తిరిగొచ్చి, మారక్కను చూసుకుని, పట్టుచీరలు మార్చుకుని వచ్చారు. వాళ్ల వెనక ఇంకో ముగ్గురు. ఒకరి చొక్కాలోంచి పేపరు కొస కనబడుతోంది. పొద్దు గుంకేలోపే ఆకు అరల మీద పడింది.

పెనుకొండ నుంచి ఉలిగమ్మ, హారిక దీపాలు పెట్టే వేళకు చేరారు. ఉలిగమ్మ తల్లి పక్కన కూర్చుని చాలాసేపు ఏడ్చింది. తర్వాత కళ్లు తుడుచుకుని దీపికను దగ్గరికి పిలిచింది. మెల్లగా అడిగింది.

"నువ్వే గదా మొదట చూసింది. సల్లబడి ఉన్నిందా మా యమ్మ?"

"లేదక్కా," అంది దీపిక. "ఎండలో కూసోని ఉండె. చెంప ముట్టుకుంటే వెచ్చగానే ఉన్నింది."

ఉలిగమ్మ తల ఊపింది. దీపిక చెయ్యి పట్టుకుని అట్లాగే కూర్చుంది.

మూడోరోజుకు పురుగులు తినడం మానేసి, తలలెత్తి, గూళ్లు కట్టడం మొదలుపెట్టాయి. ఆ కాపులో గూళ్లు గట్టిగా వచ్చాయి. కాపు కాపుకూ మధ్య షెడ్డు కడిగి సున్నం వేసే రోజున, దక్షిణపు గోడ దగ్గరున్న గోనెపట్టాను దీపికే ఎత్తింది. దానికింద పూర్తయిన తొడుగు దొరికితే ఎడమచేతికి తొడుక్కుంది. సరిగ్గా పట్టింది. మారక్క ఒళ్లోంచి ఆ రోజే తీసి దాచిన రెండోదాన్ని కుట్టడానికి ఆమెకు చెయ్యి రాలేదు, విప్పడానికీ రాలేదు. షెడ్డు తలుపు పక్క మేకుకు తగిలించింది. నాలుగు కుట్ల తర్వాత సూది అట్లాగే గుచ్చి ఉంది, బెజ్జంలోంచి జానెడు తెల్లదారం కిందికి వేలాడుతోంది.